చేయి లేస్తోంది సరే.. ఎలా లేస్తోంది?

పక్షవాతం వచ్చాక చచ్చుబడిన చేయి కాస్త కదిలితే చాలు, ఇంటిల్లిపాదికీ కొండంత ధైర్యం వస్తుంది. ఆ సంతోషంలో మనం ఒక సంగతి గమనించం. కదులుతున్నది నిజంగా చేయేనా? లేక నడుము వంచి, భుజం ఎగరేసి చేతిని మోసుకొస్తున్నారా? ఈ తేడా తెలుసుకోవటానికి మీ చేతిలోని ఫోన్ చాలావరకు ఉపయోగపడుతుంది. కాకపోతే వీడియో తీసే పద్ధతి తెలియాలి. తీసింది ఎవరికి చూపించాలో కూడా తెలియాలి.

ఆయన శంషాబాద్ ఎయిర్‌పోర్టులో క్యాబ్ నడిపేవారు. వయసు 52. రాత్రి విమానాల కోసం మెలకువ, వేళకు తిండి లేకపోవటం, బీపీ మాత్రలు గుర్తొచ్చినప్పుడే వేసుకోవటం.. ఒక తెల్లవారుజామున కుడి చేయి, కుడి కాలు పడిపోయాయి. ప్రాణాపాయం తప్పింది. నెలన్నరకు కర్ర పట్టుకుని నడిచారు. చేయి మాత్రం అంత తేలిగ్గా మాట వినలేదు. నాలుగో నెలలో మా ఓపీకి వచ్చినప్పుడు ‘‘చెయ్యి లేపు అన్నా’’ అన్నాను. లేపారు. దాదాపు భుజం ఎత్తుకు వచ్చింది. ‘‘మంచిగ లేస్తుంది సార్. ఇగ స్టీరింగ్ పట్టుకునుడే’’ అన్నారు నవ్వుతూ. బయట లైను చాంతాడంత ఉంది. చీటీ మీద ‘మెరుగవుతోంది, ఇదే వ్యాయామం కొనసాగించాలి’ అని రాసి పంపించాను.

తర్వాతి నెల డిగ్రీ చదువుతున్న ఆయన కూతురు తోడు వచ్చింది. ఫోన్ నా ముందు పెట్టి, ‘‘సార్, ఒక్కసారి ఇది చూడుర్రి. నాయిన చెయ్యి లేపుతున్నడు గని, ముద్ద నోటిదాక పోతలేదు. ఎందుకో సమజైతలేదు’’ అంది. అందులో రెండు వీడియోలున్నాయి. రెండూ ఇంటి వాకిట్లో, అదే ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, నెల తేడాతో తీసినవి. మొదటి దానిలో చేయి ఛాతీ దాకా వచ్చింది. రెండో దానిలో భుజం దాకా వచ్చింది. పైకి చూస్తే బాగైనట్టే.

రెండో వీడియోను మధ్యలో ఆపి, చేతిని వదిలేసి మిగతా ఒంటిని చూశాను. నడుము ఎడమకు ఒరిగిపోయింది. కుడి భుజం చెవి దగ్గరికి ఎగిరింది. మోచేయి రెండు వీడియోల్లోనూ ఒకేలా మడిచే ఉంది. పిడికిలి ముందుకన్నా గట్టిగా బిగుసుకుంది. లేచింది చేయి కాదు, ఒళ్లు. నెల రోజులుగా ఆయన పట్టుదలగా సాధన చేసింది ఆ తప్పుడు కదలికనే. దాన్ని ‘మెరుగు’ అని రాసింది నేనే.

ఆ రోజు నుంచి పక్షవాతం నుంచి కోలుకుంటున్న ప్రతి ఒక్కరి ఇంటివాళ్లకూ నేను ఒకటే చెబుతున్నాను. చేయి ఎంత ఎత్తు లేచిందన్నది తర్వాత చూద్దాం, ముందు ఎలా లేచిందో చూడండి.

కాలు కన్నా చేయి ఎందుకు ఆలస్యం?

‘నడక వచ్చింది కదా, చేయి ఎందుకు రావటం లేదు?’ అని చాలామంది అడుగుతారు. మెదడుకు రక్తాన్ని అందించే నాళాల్లో పెద్దది ‘మిడిల్ సెరిబ్రల్ ఆర్టరీ’. పక్షవాతం ఎక్కువగా ఈ నాళంలో, దాని కొమ్మల్లో పూడిక వల్లే వస్తుంది. ముఖం, చేయి, వేళ్లను కదిలించే మెదడు భాగానికి రక్తం అందేది దీని నుంచే. కాలిని కదిలించే భాగానికి ప్రధానంగా వేరే నాళం నుంచి రక్తం వెళ్తుంది. అందుకే చాలామందిలో కాలు కన్నా చేయే ఎక్కువ దెబ్బతింటుంది. పైగా నడవటానికి కాలు ఒంటి బరువు మోస్తే చాలావరకు సరిపోతుంది. చేతి పని అలా కాదు. ముద్ద కలపాలి, గుండీ పెట్టాలి, తాళం తిప్పాలి. ఒక్కో వేలికీ విడివిడిగా ఆజ్ఞలు వెళ్లాలి.

కోలుకోవటానికీ ఒక వరస ఉంటుంది. స్వీడన్‌లో పుట్టి అమెరికాలో పనిచేసిన ఫిజియోథెరపిస్టు సిగ్నీ బ్రన్‌స్ట్రామ్ దీన్ని ఆరు దశలుగా వివరించారు. మొదట్లో చేయి గుడ్డపీలికలా వేలాడుతుంది. తర్వాత కండరాలు బిగుసుకోవటం మొదలవుతుంది. ఆ దశలో ఒక్క కీలును కదిలించబోతే మొత్తం చేయి కలిసికట్టుగా కదులుతుంది. చేయి లేపాలనుకుంటే భుజం ఎగురుతుంది, మోచేయి మడుచుకుంటుంది, పిడికిలి బిగుస్తుంది. ఇంకా కోలుకునే కొద్దీ ఈ ముడి విడిపోతుంది. మోచేయి చాచి ఉంచి భుజాన్ని లేపగలగటం, భుజం కదలకుండా వేళ్లు తెరవగలగటం అసలైన మెరుగుదలకు గుర్తులు. కొందరు ఈ దశలన్నీ దాటుతారు. కొందరు మధ్యలో ఎక్కడో ఆగిపోతారు.

కోలుకునే వేగం మొదటి మూడు నెలల్లో ఎక్కువ. ఆ తర్వాత నెమ్మదిస్తుంది కానీ పూర్తిగా ఆగిపోదు. ఆరు నెలల తర్వాత కూడా సరైన సాధనతో చేతి పని మెరుగైనవారు ఉన్నారు. అయినా ఆ మొదటి నెలలు విలువైనవి. వాటిని తప్పుడు కదలికకు ఖర్చు చేయకూడదు.

దొడ్డిదారి కదలికలు

మన ఒళ్లు మహా తెలివైనది. ముందు దారి మూసుకుపోతే దొడ్డిదారి వెతుక్కుంటుంది. ఎదురుగా స్టూలు మీదున్న గ్లాసు అందుకోవాలి. మోచేయి చాచటం కుదరటం లేదు. అప్పుడు నడుమే ముందుకు వంగుతుంది. గ్లాసు చేతికి అందుతుంది. పని అయింది కాబట్టి మెదడు ఆ దారినే గుర్తుపెట్టుకుంటుంది. రేపు కూడా అలాగే చేస్తుంది. మోచేయి చాచే కండరానికి ఇక పని ఉండదు.

దీంతో మూడు నష్టాలున్నాయి. ఒకటి, తిరిగి రాగలిగే కదలిక కూడా రాకుండా పోవచ్చు. రెండు, భుజం కీలు మీద తప్పుడు ఒత్తిడి పడి నొప్పి మొదలవుతుంది. పక్షవాతం వచ్చినవారిలో భుజం నొప్పి సర్వసాధారణం. నొప్పి వస్తే సాధనే ఆగిపోతుంది. మూడు, ‘ఈ చేత్తో కష్టం’ అనిపించి అన్ని పనులూ బాగున్న చేత్తోనే కానిచ్చేస్తారు. వాడని చేతిని మెదడు క్రమంగా పక్కన పెట్టేస్తుంది.

అలాగని దొడ్డిదారి ఎప్పుడూ తప్పేనని కాదు. ఏళ్లు గడిచి, చేతిలో ఇక పెద్దగా మార్పు రాదని తేలినవారికి ఒళ్లు వంచైనా సరే తన పని తాను చేసుకోవటం గొప్ప విషయం. ఎవరికి ముందు దారి తెరవటానికి ప్రయత్నించాలి, ఎవరికి పక్క దారి నేర్పాలి అన్నది నిపుణులు తేల్చాలి. దానికి మొదట కదలికను సరిగ్గా చూడాలి కదా!

ఆసుపత్రిలో ఎలా కొలుస్తాం?

చేతి కదలికను కొలవటానికి ప్రపంచమంతా ఎక్కువగా వాడుతున్న పద్ధతి ‘ఫ్యూగుల్-మేయర్ పరీక్ష’. స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో ఆక్సెల్ ఫ్యూగుల్-మేయర్, ఆయన సహచరులు 1975లో దీన్ని వెలువరించారు. ఇందులో చేతికి సంబంధించి 33 అంశాలుంటాయి. ఒక్కోదానికి 0, 1, 2 మార్కులు. అసలు చేయలేకపోతే 0, కొంత చేస్తే 1, పూర్తిగా చేస్తే 2. మొత్తం 66. చేతిని నడుము వెనక్కి పెట్టటం, మోచేయి వంచకుండా భుజం లేపటం, మణికట్టును గుండ్రంగా తిప్పటం, వేలితో ముక్కును వెంటవెంటనే ఐదుసార్లు తాకటం వంటివి ఇందులో ఉంటాయి.

పరీక్ష మంచిదే. చిక్కల్లా సమయంతోనే. చేతి ఒక్కదానికే దాదాపు అరగంట పడుతుంది. శిక్షణ పొందిన ఫిజియోథెరపిస్టు ఉండాలి. రద్దీగా ఉండే ఓపీలో ఒక్కో రోగికి దొరికేది కొద్ది నిమిషాలే. అదీ రోగి ఆసుపత్రికి రాగలిగితేనే. కొత్తూరు నుంచో, మహేశ్వరం నుంచో కర్ర పట్టుకుని నడిచే మనిషిని ఆటోలో శంషాబాద్‌కు తెచ్చి, అక్కడి నుంచి బస్సెక్కించి ఆరాంఘర్, బహదూర్‌పురా ట్రాఫిక్ దాటించి అఫ్జల్‌గంజ్‌కో, పంజగుట్టకో చేర్చాలంటే సగం రోజు పోతుంది. తోడు వచ్చినవారికి ఆ రోజు పని పోతుంది. అందుకే ‘మందులు రాయించుకొస్తే చాల్లే’ అని రోగిని ఇంట్లోనే వదిలి చీటీ మాత్రమే తెచ్చేవాళ్లు ఎందరో.

ఇంకో సంగతి కూడా ఉంది. డాక్టర్ ముందు రోగి శక్తినంతా కూడగట్టుకుని చేయి లేపుతారు. ఇంట్లో అన్నం తినేటప్పుడు ఆ చేయి ఎలా కదులుతుందో మాకు కనిపించదు. ఆ లోటును వీడియో తీరుస్తుంది.

వీడియో ఏం చూపిస్తుంది?

కంటికి అందని కదలికను కెమెరాతో పట్టుకోవటం కొత్తేమీ కాదు. పరుగెత్తే గుర్రం నాలుగు కాళ్లూ ఒకేసారి నేలను వదులుతాయని 1878లో ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ వరస ఫొటోలు తీసి చూపించారు. తర్వాత 1880లలో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ఫ్రాన్సిస్ డెర్కమ్ అనే నరాల వైద్యుడితో కలిసి రోగుల నడకనూ అలాగే ఫొటోలు తీశారు. అప్పట్లో దానికి వరసగా ఎన్నో కెమెరాలు కావాల్సొచ్చింది. ఇప్పుడు మామూలు ఫోన్ సెకనుకు 30 బొమ్మలు తీస్తుంది. ఎక్కడ కావాలంటే అక్కడ ఆపొచ్చు. వెనక్కి తిప్పొచ్చు. పోయిన నెల వీడియోను పక్కన పెట్టి పోల్చొచ్చు.

ఇప్పుడు కంప్యూటర్లు కూడా ఈ పనికి వచ్చాయి. అమెరికాలోని కార్నెగీ మెలన్ యూనివర్సిటీ తయారుచేసిన ఓపెన్‌పోజ్, గూగుల్ తయారుచేసిన మీడియాపైప్ వంటి సాఫ్ట్‌వేర్లు మామూలు వీడియోలోనే మనిషి కీళ్లు ఎక్కడున్నాయో గుర్తిస్తాయి. మీడియాపైప్ ఒంటి మీద 33 చోట్ల, ఒక్కో చేతిలో 21 చోట్ల చుక్కలు పెడుతుంది. ఒంటికి ఏ తీగలూ, పట్టీలూ తగిలించక్కర్లేదు. భుజం, మోచేయి, మణికట్టు చుక్కలను గీతలతో కలిపితే మోచేయి ఎన్ని డిగ్రీలు చాచారో తెలుస్తుంది. రెండు భుజాల చుక్కలు ఎంత జరిగాయో చూస్తే నడుము ఎంత ఒరిగిందో తెలుస్తుంది. చేయి ఒకే ఊపులో వెళ్లిందా, ఆగి ఆగి వెళ్లిందా, ఎంత సమయం పట్టింది అన్నదీ లెక్కకట్టొచ్చు. ఇలా వచ్చిన కొలతల నుంచి ఫ్యూగుల్-మేయర్ మార్కులను అంచనా వేయటానికి పలు దేశాల్లో పరిశోధనలు జరుగుతున్నాయి.

ఇక్కడ ఒక మాట. ఇవన్నీ సాయం చేసే పనిముట్లే. ఫోన్‌లో ఏదో యాప్ వేసుకుని అది చూపించిన అంకెను బట్టి వ్యాయామం మార్చటం, మానేయటం చేయొద్దు.

వీడియోకు అందనివి

* కండరం ఎంత బిగుసుకుందో చేత్తో పట్టుకుని కదిలిస్తేనే తెలుస్తుంది.
* స్పర్శ ఉందో లేదో చూసి చెప్పలేం. కళ్లు మూసుకుంటే తన చేయి ఎక్కడుందో తెలియనివారూ ఉంటారు.
* రిఫ్లెక్సులను సుత్తితో తట్టి చూడాల్సిందే. ఫ్యూగుల్-మేయర్ పరీక్షలో వాటికీ మార్కులున్నాయి.
* ఒకే కెమెరాకు లోతు సరిగ్గా తెలియదు. ఎదురుగా తీస్తే చేయి ముందుకు ఎంత వచ్చిందో పోల్చుకోవటం కష్టం. అందుకే పక్క నుంచీ తీయాలి.
* వదులు చొక్కా, చీర కొంగు, మసక వెలుతురు, వెనక నిలబడిన ఇంకో మనిషి.. ఇవన్నీ కంప్యూటర్‌నూ, కంటినీ పొరపాటు పడేలా చేస్తాయి.

వీడియో కాల్ మాయ

శంషాబాద్ విమానాశ్రయం మీదుగా పిల్లలను విదేశాలకు పంపిన తల్లిదండ్రులు మన ప్రాంతంలో ఎందరో. అలాంటి ఇంట్లో ఒకరికి పక్షవాతం వస్తే పిల్లలు పది రోజులుండి వెళ్తారు. తర్వాత చూసుకునేదంతా వీడియో కాల్‌లోనే. ‘‘అమ్మా, ఏదీ చేయి ఊపు’’ అంటారు. ఆమె ఊపుతుంది. అక్కడ కొడుకు కళ్లు చెమరుస్తాయి. ‘‘సూపర్ అమ్మా’’ అంటాడు.

ఆ తెరలో కనిపించేది ముఖం, చేయి మాత్రమే. నడుము, రెండో భుజం, రెండో చేయి కనిపించవు. చాలాసార్లు బాగున్న చేయి కింద నుంచి మోచేతిని ఎత్తి పడుతూ ఉంటుంది. అమ్మ అబద్ధం ఆడటం లేదు. బిడ్డ సంతోషం కోసం చేస్తోంది. దూరాన ఉన్న పిల్లలకు నా సలహా ఒకటే. పలకరింపుకు వీడియో కాల్ సరిపోతుంది. చేతిని చూడాలంటే మాత్రం కింద చెప్పిన పద్ధతిలో వారానికోసారి రికార్డు చేయించండి.

ఇంట్లో వీడియో ఎలా తీయాలి?

ముందుగా మీ డాక్టర్‌ను, ఫిజియోథెరపిస్టును అడిగి వాళ్లు సరేనన్నాకే మొదలుపెట్టండి. బీపీ బాగా ఎక్కువగా ఉన్నా, కళ్లు తిరుగుతున్నా, భుజం నొప్పిగా ఉన్నా ఆ రోజు వద్దు.

* చేతులు లేని కుర్చీలో కూర్చోబెట్టండి. పాదాలు రెండూ నేలకు ఆనాలి. బలహీనంగా ఉన్న వైపు ఒకరు దగ్గర్లోనే నిలబడాలి, కానీ తాకకూడదు.
* ఫోన్‌ను ఆరేడు అడుగుల దూరంలో, రోగి ఛాతీ ఎత్తులో కదలకుండా పెట్టండి. స్టూలు మీద డబ్బాకు ఆనించినా చాలు. తల నుంచి మోకాళ్ల దాకా, చాచిన రెండు చేతులూ తెరలో పట్టాలి.
* వెలుతురు రోగి ముఖం మీద పడాలి. వెనక కిటికీ ఉండొద్దు.
* మగవారు బనియన్‌తో, ఆడవారు పొట్టి చేతుల జాకెట్టుతో కొంగు నడుముకు దోపుకుని కూర్చుంటే భుజం, మోచేయి స్పష్టంగా కనిపిస్తాయి.
* కుర్చీ, ఫోన్ పెట్టిన చోట్లలో సుద్దముక్కతో గుర్తు పెట్టండి. వారం వారం అదే చోటు, అదే వేళ, అదే దూరం. ఇవి మారితే పోలిక చెడిపోతుంది.
* మొదట రోగి చేత ఆ రోజు తేదీ చెప్పించండి. తేదీకి తేదీ, మాట స్పష్టత కూడా తెలుస్తుంది.
* ప్రతి కదలికా మొదట బాగున్న చేత్తో, తర్వాత బలహీనమైన చేత్తో చేయించండి. ఒక్కోటి మూడుసార్లు. ముందు ఎదురుగా, తర్వాత బలహీనమైన వైపు నుంచి తీయండి.
* ‘ఇంకా.. ఇంకా..’ అని ఉత్సాహపరచొద్దు. అలా అంటే శక్తికి మించి ఒళ్లు వంచేస్తారు. ఎంత వస్తే అంతే చేయనివ్వండి.

చేయించాల్సిన కదలికలు ఐదు చాలు. చేతిని నోటి దగ్గరికి తేవటం. మోచేయి వంచకుండా చేతిని ముందుకు భుజం ఎత్తు దాకా లేపటం. ఎదురుగా స్టూలు మీదున్న ఖాళీ స్టీలు గ్లాసును అందుకోవటం. చేతిని నడుము వెనక్కి పెట్టటం. పిడికిలి మూసి తెరవటం.

చూసేటప్పుడు..

వీడియోను ఒకసారి మామూలుగా చూడండి. రెండోసారి రోగి చేతిని మీ బొటనవేలితో తెర మీద మూసేసి చూడండి. అప్పుడు మిగతా ఒళ్లు ఏం చేస్తోందో తెలుస్తుంది. ఈ ప్రశ్నలు వేసుకోండి.

* నడుము ముందుకో, పక్కకో వంగుతోందా?
* భుజం చెవి వైపు ఎగురుతోందా?
* చేయి లేచే కొద్దీ మోచేయి మడుచుకుంటోందా?
* పిడికిలి బిగుసుకుంటోందా?
* రెండో చేయి సాయం వస్తోందా?
* ఊపిరి బిగబడుతున్నారా, ముఖం వంకరపోతోందా?

వీటిలో ఏవైనా వారం వారం పెరుగుతుంటే చేయి ఎంత ఎత్తు లేచినా సరే ఫిజియోథెరపిస్టుకు చూపించాలి. రోగిని మాత్రం ‘తప్పు చేస్తున్నావు’ అని తిట్టొద్దు. కావాలని చేసేది కాదది.

చూసి ఏం చేస్తాం?

కదలిక సరిగ్గా తెలిస్తే చికిత్స మారుతుంది. వీడియో వల్ల అసలు ప్రయోజనం ఇదే. నడుము వంగుతుంటే ఛాతీని మెత్తటి పట్టీతో కుర్చీకి ఆనించి, చేయి మాత్రమే ముందుకు చాచేలా సాధన చేయిస్తారు. పిడికిలి మరీ బిగుసుకుంటుంటే మందులో, ఇంజెక్షనో అవసరమేమో ఆలోచిస్తాం. మణికట్టు, వేళ్లు కొంతైనా పైకి లేపగలిగితే బాగున్న చేతికి తొడుగు వేసి, బలహీనమైన చేత్తోనే పనులు చేయించే పద్ధతి ఉంది. 222 మందితో అమెరికాలో చేసిన అధ్యయనం ఫలితాలు 2006లో వచ్చాయి. పక్షవాతం వచ్చి మూడు నుంచి తొమ్మిది నెలలైన వారికి రెండు వారాల పాటు ఇలా చేయిస్తే చేతి పని మెరుగైనట్టు తేలింది. అయితే వేళ్లు అసలు తెరుచుకోనివారికి ఇది పనికిరాదు. ఎవరికి పనికొస్తుందో చూడటానికే ఈ కొలతలన్నీ.

మొదటి రోజుల్లో వేళ్ల కదలికకు ఎంత విలువుందో చూడండి. నెదర్లాండ్స్‌లో 2010లో వెలువడిన అధ్యయనంలో, పక్షవాతం వచ్చిన 72 గంటల్లోపు వేళ్లు కొంతైనా చాచి, భుజాన్ని కొంతైనా పక్కకు లేపగలిగినవారిలో ఆరు నెలలకు చేతికి కొంత పనితనం తిరిగొచ్చే అవకాశం 98 శాతం ఉన్నట్టు తేలింది. రెండూ లేనివారిలో అది 25 శాతం. అందుకే వార్డులో ఉన్నప్పుడే ‘వేళ్లు కదులుతున్నాయా?’ అని మేం పదేపదే అడుగుతాం.

వ్యాయామం భారమంతా ఇంటివాళ్ల మీదే వేయటమూ సరికాదు. మన దేశంలోని 14 ఆసుపత్రుల్లో 1,250 మందితో జరిగిన ‘అటెండ్’ అధ్యయనం ఫలితాలు 2017లో వచ్చాయి. కుటుంబసభ్యులకు శిక్షణ ఇచ్చి ఇంట్లో వ్యాయామాలు చేయించమన్నంత మాత్రాన ఆరు నెలలకు మరణాలు గానీ, ఇతరుల మీద ఆధారపడటం గానీ తగ్గలేదని అందులో తేలింది. ఇది కుటుంబం తప్పు కాదు. మధ్య మధ్యలో చూసి సరిదిద్దే నిపుణుల కన్ను కూడా కావాలన్నది నాకు అర్థమైన పాఠం. ఆ కన్నును ఇంటిదాకా తీసుకురావటానికి వీడియో ఒక మార్గం.

ఇలాంటి ప్రయత్నాలు మన దగ్గరా మొదలయ్యాయి. రాజేంద్రనగర్ మండలం ప్రేమావతిపేటలో క్యాంపస్ ఉన్న హైదరాబాద్ ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ హెల్త్ పరిశోధకులు పక్షవాతం వచ్చినవారి కోసం ‘కేర్ ఫర్ స్ట్రోక్’ పేరుతో స్మార్ట్‌ఫోన్‌లో చూసే పాఠాలు రూపొందించి చెన్నైలో పరీక్షించారు. అది ఆసుపత్రి నుంచి ఇంటికి వెళ్లే సమాచారం. ఇంటి నుంచి ఆసుపత్రికి వచ్చే వీడియో కూడా తోడైతే ఆ దారి రెండువైపులా తెరుచుకుంటుంది.

వీడియో ఎవరికి పంపాలి?

2020 మార్చిలో వచ్చిన కేంద్ర మార్గదర్శకాల ప్రకారం రిజిస్టరైన వైద్యులు ఫోన్, వీడియో ద్వారా సలహాలు ఇవ్వొచ్చు. మీ రోగిని చూసిన డాక్టర్‌కో, ఫిజియోథెరపిస్టుకో అడిగి పంపండి. లేదా తర్వాతి సారి వచ్చేటప్పుడు ఫోన్‌లో సిద్ధంగా ఉంచుకోండి. పాతదీ కొత్తదీ, రెండే రెండు వీడియోలు చాలు. ఇరవై చూపిస్తే చూసే తీరిక ఎవరికీ ఉండదు.

రోగి ఒప్పుకుంటేనే తీయండి. మాట పడిపోయినా మనసు ఉంటుంది. బనియన్‌తో, వణికే చేత్తో ఉన్న వీడియోను బంధువుల వాట్సాప్ గ్రూపులో పెడితే ఎంత చిన్నబుచ్చుకుంటారో ఆలోచించండి. ‘పసరు పోస్తాం, పావురం రక్తం రాస్తాం, వీడియో పంపండి’ అనేవారికి అసలు పంపొద్దు. అలాంటివాటితో పోయేది విలువైన కాలమే.

ఇప్పుడు వీడియో వద్దు!

ఉన్నట్టుండి ముఖం ఒకవైపు జారినా, చేయి మళ్లీ పడిపోయినా, మాట ముద్దగా వచ్చినా వీడియో తీస్తూ కూర్చోవద్దు. వెంటనే 108కు ఫోన్ చేయండి. రోగి చివరిసారి మామూలుగా ఉన్న సమయం గుర్తుపెట్టుకోండి. రక్తనాళంలో గడ్డ వల్ల వచ్చిన పక్షవాతమైతే దాన్ని కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల్లోపు ఇవ్వాలి. ఎంత ముందు ఇస్తే అంత మేలు.

అలాగే, ఒకసారి వచ్చినవారికి మళ్లీ వచ్చే ముప్పు ఉంటుంది. చేతి వ్యాయామం ఎంత ముఖ్యమో బీపీ, షుగర్ మాత్రలు, డాక్టర్ రాసిన రక్తం పలుచబరిచే మాత్రలు క్రమం తప్పకుండా వేసుకోవటం, పొగ మానేయటం అంతకన్నా ముఖ్యం. ఇంకో జాగ్రత్త. రోగిని మంచం మీది నుంచి లేపేటప్పుడు బలహీనమైన చేయి పట్టుకుని లాగొద్దు. భుజం కీలు జారిపోతుంది.

ఆ క్యాబ్ డ్రైవర్ సంగతి చెప్పి ముగిస్తాను. వీడియో చూశాక ఫిజియోథెరపిస్టు వ్యాయామం పూర్తిగా మార్చారు. చేయి పైకి లేపటం ఆపించారు. బల్ల మీద తువ్వాలు పరిచి, దాని మీద చేయి పెట్టి ముందుకు జరపమన్నారు. కూతురు ప్రతి ఆదివారం అదే వాకిట్లో, సుద్దముక్క గీత మీద అదే కుర్చీ వేసి వీడియో తీసింది. రెండు నెలలయ్యాక తెచ్చి చూపిస్తూ, ‘‘సార్, పరేషాన్ అయితుంది. మునుపు భుజం దాక లేచేది. ఇప్పుడు ఛాతి కాడనే ఆగుతుంది’’ అంది.

చూశాను. ఎత్తు తగ్గిన మాట నిజమే. కానీ నడుము కదల్లేదు. భుజం ఎగరలేదు. మోచేయి నెమ్మదిగా చాచుకుంది. చివర్లో వేళ్లు కొద్దిగా తెరుచుకున్నాయి. ‘‘అమ్మా, ఇప్పుడే మీ నాయిన చేయి లేపుతున్నాడు’’ అన్నాను.

ఇప్పుడు ఆయన లావు పిడి ఉన్న చెంచాతో కుడి చేత్తోనే అన్నం తింటున్నారు. స్టీరింగ్ ఇంకా పట్టలేదు. పడతారో లేదో ఇప్పుడే చెప్పలేనని ఆయనకే చెప్పాను. తోటి డ్రైవర్ల బుకింగులు ఫోన్‌లో చూసిపెడుతున్నారు. చీటీ మీద నేను మళ్లీ ‘మెరుగవుతోంది’ అని రాశాను. ఈసారి రెండు వీడియోలూ పక్కపక్కన పెట్టుకుని చూశాకే రాశాను.